ఏడు ఫ్లాపీల ఎత్తు

అప్పయ్య పెట్టె తాళం తీసి ముందు గొడుగు బయట పెట్టాడు. తర్వాత మూడు కాళ్ల ఇనప దిమ్మ, తర్వాత బంక డబ్బా, తర్వాత పీట. పద్నాలుగేళ్లుగా ఇదే వరస. నమ్మకం గిమ్మకం ఏమీ లేదు, ఆ పెట్టెలో సామాను అలాగే పడుతుంది, అంతే. ఇవాళ దిమ్మ ఎత్తేసరికి ఎడమ రొమ్ము కింద ఎవరో బొటనవేలితో నొక్కి పట్టినట్టయింది. దిమ్మ దించి, స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. కాసేపటికి వేలు తీసేశారు. పీట వేసుకుని కూచున్నాడు.

ఆంగ్ మో కియో రైలు స్టేషన్‌కి ఎదురుగా పన్నెండంతస్తుల బ్లాకు. కింద గోడలుండవు, స్తంభాలే. వాయిడ్ డెక్ అంటారు. పైన కాపురం ఉన్నవాళ్ల పెళ్లి విందులూ చావు జాగారాలూ అన్నీ అక్కడే జరుగుతాయి. పిల్లలు బంతి తన్నుకుంటారు, ముసలాళ్లు చదరంగం ఆడుకుంటారు. స్టేషన్ వైపు మూడో స్తంభం అప్పయ్యది. స్తంభానికి అతని వీపు ఆనే చోట రంగు పోయి నున్నగా మెరుస్తుంది.

మనిషి పొట్టి. అరవై మూడేళ్లు. భుజాలు ముందుకు వంగి, మెడ భుజాల్లోకి దిగిపోయి, ఎప్పుడూ ఎవరి కాళ్లో చూస్తున్నట్టే ఉంటాడు. చూస్తూనే ఉంటాడు కూడా. కుడి బొటనవేలి గోరు సుత్తి దెబ్బలకి నల్లబడి రాయిలా అయింది. వేళ్ల సందుల్లో బంక పొరలు పొరలుగా ఎండి ఉంటుంది. రాత్రి అన్నం ముందు పెళ్లాం రాములమ్మ కొబ్బరినూనె రాసి వలుస్తుంది, పొద్దుటికి మళ్లీ మామూలే.

ఆ రాములమ్మే ఇవాళ వుడ్‌ల్యాండ్స్ ఇంటి గుమ్మంలో ఆపి, ఆస్పత్రి కార్డు చొక్కా జేబులో పెట్టి, జేబు మూతికి పిన్నీసు గుచ్చింది.

"రెండింటికి. ఇప్పటికి రెండుసార్లు ఒగ్గేసినావు. గుండెకాయేటి, సెప్పు అడుగేటి? పోతే ఇంకోటి అతికించుకుంటావా మావా?"

"ఎల్తానే."

"పిన్నీసు నేనే తీత్తాను, రేత్రికి. తీసి సూత్తాను, ముద్ర ఏసుందో లేదో."

అప్పయ్య జేబు తడుముకుని, పెట్టె అడుగు నుంచి గుడ్డలో చుట్టిన బూట్లు బయటికి తీశాడు.

చూస్తే నవ్వొచ్చే బూట్లు. నల్లవి, మోకాలి దాకా పొడుగు, అడుగు మందం బెత్తెడు. కింద ఇటుక కట్టుకుని నడిచినట్టుంటుంది. జపాన్‌లో ఆడపిల్లలు ఇవే వేసుకుని వీధుల్లో తిరుగుతారట, ఆ వెర్రి ఓడెక్కి సింగపూర్ వచ్చింది. ఆర్చర్డ్ రోడ్డు దుకాణాల నిండా ఇదే సరుకు. మూడు వారాల కిందట ఈ బూట్లు తెచ్చిన అమ్మాయి పేరు అమూల్య. పాలిటెక్నిక్‌లో చదువుతోంది. తల నిండా ప్లాస్టిక్ క్లిప్పులు, పండ్లూ పువ్వులూ బొమ్మ పిల్లులూ, ముప్పై దాకా. కాళ్లకి తెల్ల మేజోళ్లు, ఏనుగు కాళ్లలా ముడతలు ముడతలుగా చీలమండల మీద కుప్పపడి ఉన్నాయి. భుజాన కప్ప ఆకారంలో సంచీ. చేతిలో సెల్‌ఫోను, దానికి గుత్తిగా వేలాడే చిరుగంటల తాళ్లు. వాటిలో ఒకదానికి వేయించిన రొయ్య, ప్లాస్టిక్‌ది.

పాదాల దగ్గర మాత్రం ఆస్పత్రి వాళ్లిచ్చిన నల్ల జోడు. కుడిదానికి అడుగు మందం, ఎడమదానికి పలచన. ఆ జోడుతో ఆ అమ్మాయి నడిచొస్తుంటే, తల ఎత్తకుండానే అప్పయ్యకి తెలిసిపోయింది. టక్, టప్. టక్, టప్.

"అంకుల్, దిస్ వన్ కెన్ ఆర్ నాట్?"

అప్పుడే సుత్తి గోరు మీద పడింది. "ఓలమ్మో!" అన్నాడు.

అమ్మాయి కళ్లు పెద్దవయ్యాయి. "అయ్యో, అంకుల్ తెలుగా?" అని, కింద చతికిలబడిపోయి నవ్వింది.

ఐదేళ్లప్పుడు హైదరాబాదులో స్కూటర్ మీంచి పడిందట. తొడ ఎముక విరిగి, అతుక్కున్నాక కాలు పొట్టిగా మిగిలింది. తండ్రి సుధాకరరావు బ్యాంకులో కంప్యూటర్ పెద్ద, మూడేళ్ల కిందట అందరినీ ఇక్కడికి తెచ్చాడు. ఆయనకి ఈ వేషాలంటే మంట. తల్లికి ఇంకో మంట: పిల్ల నలుపు. రోజూ తెల్లబడే క్రీము పూస్తుంది.

"జపాన్‌లో గర్ల్స్ మొహానికి బ్రౌన్ రంగు పూసుకుంటారు అంకుల్, లేటెస్ట్. మా ఫ్రెండ్స్ చైనీస్ కదా, వాళ్లు కూడా గంట గంట కూచుని పూసుకుంటారు. నాకు ఫ్రీ లా!"

అప్పయ్య ముప్పై ఏళ్ల తర్వాత అంత గట్టిగా నవ్వాడేమో. పక్కన కాఫీ అమ్మే చైనా ఆవిడ కూడా తొంగిచూసింది.

"ఈ మేజోళ్లు నిలవాలంటే పిక్కలకి గమ్ రాయాలి. మీ దగ్గర బంక ఉందిగా అంకుల్, కొంచెం..."

"సర్మం ఊడొత్తాది గుంటా. పో."

అడగాల్సింది అడగడానికి ఆమెకి అరగంట పట్టింది. నెలాఖరు శుక్రవారం సాయంత్రం ఏడింటికి ఆర్చర్డ్ రోడ్డులో జపాన్ పత్రికవాడు ఫొటోలు తీస్తాడు. ఈ వేషం వేసే సింగపూర్ పిల్లల్ని, వీధిలో నిలబెట్టి, తల నుంచి కాలి దాకా.

"ఇంట్లో నా ఫొటోలన్నీ నడుం దాకే. డాడీ తీస్తారు. లేకపోతే కూచోబెట్టి తీస్తారు. నేను మొత్తం ఉన్న ఫొటో ఒక్కటి లేదు అంకుల్." ఫోనుకున్న రొయ్యని తిప్పుతూ అంది. "ఈ బూట్స్ ఇంత హై కదా. లోపల ఒకటి కొంచెం ఎక్కువున్నా ఎవరికీ తెలీదు. కదా?"

అప్పయ్య సుత్తి పక్కన పెట్టాడు. ఆమెని గోడ దగ్గర నిలబెట్టాడు. గోడకి పలకలు, పలకల మధ్య గీత. వట్టి కాళ్లతో నిలబెట్టి ఆ గీతతో రెండు భుజాలూ చూశాడు. కుడి కాలి కింద పెట్టడానికి ఏదైనా ఇమ్మంటే కప్ప సంచీలోంచి ఫ్లాపీలు తీసింది, కాలేజీ పాఠాలవి. ఒక్కొక్కటే దూర్చాడు. ఆరు పెడితే కుడి భుజం కిందికుంది. ఎనిమిది పెడితే లేచింది. ఏడుకి గీత మీద కూచుంది. ఆ ఏడింటికీ రబ్బరు బ్యాండు వేసి తన దగ్గరే ఉంచుకున్నాడు. కొలబద్దలో గీతలు అతని కళ్లకి ఆనవు. ఇవి చేతికి ఆనుతాయి.

ఆ నెలాఖరు శుక్రవారం ఇవాళే. నిన్నటికి రెండు అడుగులూ లోపల తొలిచి బరువు తగ్గించాడు, లేకపోతే ఆ పిల్ల ఈడ్చలేదు. ఇవాళ చెయ్యాల్సింది ఒక్కటే. కుడి బూటు అడుగుని అడ్డంగా రెండుగా కోసి, మధ్యన ఏడు ఫ్లాపీల మందం నురుగు రబ్బరు ముక్క పెట్టి, అతికి, చుట్టూ నల్ల రేకు రబ్బరు తొడగాలి. ఆపైన రెంటికీ మూడేసి గులాబీ రంగు పట్టీలు. ఎత్తున్నదానికి పట్టీలు కాస్త ఎడంగా వేస్తే కంటికి రెండూ ఒకటే. మధ్యాహ్నానికి అయిపోతుంది. రెండింటికి ఆస్పత్రి. ఆరింటికి పిల్ల వస్తుంది.

బూటు బోర్లించి దిమ్మకి తొడిగాడు. కత్తి నూరాడు. తెల్ల సుద్ద కోసం చెయ్యి చాపాడు.

సుద్ద సంగతి చెప్పాలి. బోర్లించిన జోడుకి ఎడమ కుడిలా కనిపిస్తుంది, కుడి ఎడమలా కనిపిస్తుంది. ఈ పనిలో మొదటి నెలలో ప్రతివాడూ చేసే తప్పది. అందుకే కుడి అడుగు మీద సుద్దతో గీత పెట్టి గానీ కత్తి ఎత్తకూడదని పద్నాలుగో ఏట నేర్చుకున్నాడు. నలభై తొమ్మిదేళ్లుగా పెడుతున్నాడు.

"హలో, టెన్ థర్టీకల్లా ఆఫీస్‌లో ఉంటానండీ. షూ హీల్ ఊడింది, ఇక్కడెవడో కాబ్లర్ ఉన్నాడు..."

తెలుగే. టై కట్టుకున్న మనిషి, ముప్పై ఏళ్లుంటాయి, మెడలో ఆఫీసు బిళ్ల, దాని మీద ఫొటో, పేరు: కృష్ణప్రసాద్. ఒక కాలు మేజోడుతో, పీట ముందు పరిచిన న్యూస్‌పేపర్ మీద పెట్టి, ఊడిన మడమ చూపించాడు. అప్పయ్య సుద్ద వదిలేసి అది అందుకున్నాడు.

"రెండు మేకులు కొడితే సాలు బావూ."

"అరె! మీరు తెలుగువాళ్లా?" ఫోను పెట్టేశాడు. "ఈ పని చేసే తెలుగువాళ్లు కూడా ఉన్నారా ఇక్కడ?"

"ఉన్నాను కదా."

"ఏ ఊరండీ?"

"టెక్కలి పక్క. పదకొండో ఏట మా అయ్య ఎంట ఓడెక్కినాను. నేవల్ బేస్‌లో ఎదిగినాం."

"ఓహో, పాతవాళ్లన్నమాట. మేమంతా ఈ మధ్య కంప్యూటర్ల మీద వచ్చినవాళ్లం." కాసేపు ఆగాడు. సుత్తి దెబ్బలు లెక్కపెడుతున్నట్టు నిలబడ్డాడు. ఆగడం చూస్తే అప్పయ్యకి తెలిసిపోయింది ఏం రాబోతోందో. "అంటే... మీరేమిట్లు?"

అప్పయ్య మేకు చివర ఒక్క దెబ్బ కొట్టి, మడమ మీద బొటనవేలు రుద్ది, జోడు అందించాడు.

"నీ జోడు బాగుసేసినోల్లం."

ఆ మనిషి నవ్వాడు. ఒట్టి నోటితో నవ్వాడు. డబ్బు చేతికివ్వలేదు, న్యూస్‌పేపర్ మీద పెట్టాడు. "ఉగాదికి మా అసోసియేషన్ ప్రోగ్రామ్ ఉంటుంది, రండి" అన్నాడు, ఎక్కడో చెప్పకుండా. స్టేషన్ మెట్లెక్కి పోయాడు. మడమ గట్టిగా, సమంగా చప్పుడు చేసింది.

ఓడ మీద అప్పయ్య తండ్రి అనేవాడు, "సముద్రం దాటితే కులం ములిగిపోద్దిరా." పిచ్చి మనిషి. కులానికి ఈత వచ్చు. ఓడకంటే ముందొచ్చి రేవులో నిలబడుంది. బేస్‌లో కూలీల మేస్త్రీ తెలుగువాడే. పద్నాలుగేళ్ల అప్పయ్యని ఓడల రంగు పనికి పెడదామని తండ్రి తీసుకెళ్తే, దొర అడిగితే మేస్త్రీ ఆయన చెవిలో ఏదో చెప్పాడు. దొర తల ఊపి సిపాయిల బూట్లు బాగుచేసే షెడ్డు చూపించాడు. ఆ రాత్రి తండ్రి అన్నం తినలేదు. తోలు ముట్టకుండా కొడుకుని పెంచాలని రెండు వేల మైళ్లు వచ్చినవాడు. దొరలు పోయారు. షెడ్డు పోయింది. తర్వాత బూట్ల ఫ్యాక్టరీ, అదీ సరిహద్దు దాటి పోయింది. అప్పయ్య చేతిలో తోలు కుట్టే ఆరె, సుత్తి మిగిలాయి. అతను తోలుని ఎప్పుడూ తిట్టుకోలేదు. తోలు ఎవర్నీ ఏమిట్లని అడగదు.

ఇదంతా ఆలోచించలేదు అతను. అంత ఓపిక లేదు. చెవులు వేడెక్కాయి, అంతే. దిమ్మ మీద తొడిగి ఉన్న బూటుకి కత్తి పెట్టాడు. నిదానంగా అడుగంతా కోశాడు. నురుగు రబ్బరు ముక్క కోసి, ఫ్లాపీల కట్ట పక్కన పెట్టి, వేలితో మందం చూసుకున్నాడు. బంక పూసి, ఆరనిచ్చి, అతికి, సుత్తితో చుట్టూ కొట్టాడు. మంచి పని. ఒంటిగంట కావస్తోంది.

కాఫీ ఆవిడ వచ్చి టీ గ్లాసు పెట్టింది. ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉన్న మనిషి, అతనితో బజారు మలయో ముక్కల ఇంగ్లీషో మాట్లాడుతుంది.

"సుడా మకాన్?"

తిన్నానన్నట్టు తల ఊపాడు. తినలేదు. బూటు దిమ్మ మీంచి తీసి తిరగేసి, రెండోదాని పక్కన నిలబెట్టాడు.

ఎడమది.

ఇంకోసారి బోర్లించాడు, తిరగేశాడు. ఎడమదే. అడుగు మీద సుద్ద గీత లేదు. సుద్ద న్యూస్‌పేపర్ మీద అలాగే పడుంది, డబ్బు పక్కన.

పొట్టి కాలు అలాగే ఉంటే, పొడుగు కాలికి ఇంకో ఏడు ఫ్లాపీలు తగిలించాడు. పిల్ల ఈ బూట్లేసుకుంటే మొదటి అడుగులోనే పడుతుంది.

కాఫీ ఆవిడకి బూట్లు తెలీవు, గడియారం తెలుసు. "అప్పయా, టూ ఓక్లాక్ హాస్పిటల్. గో లా."

"రేపు."

"ఎవ్రీడే టుమారో. యువర్ హార్ట్ నో టుమారో, యు నో?"

"బెసోక్, బెసోక్" అన్నాడు మలయేలో. రేపు, రేపు. ఆవిడ తుండుగుడ్డ భుజాన విసురుకుని పోయింది.

అతను పటకారు తీసుకున్నాడు. తన చేత్తో అతికినది తన చేత్తోనే పీకడం ఎంత కష్టమో ఆ వేళ తెలిసింది. మంచి బంక. గట్టిగా కొట్టిన దెబ్బలు. అంగుళం అంగుళం లాగాడు. చెమట గడ్డం మీంచి బూటు మీద పడుతోంది. బొటనవేలు మళ్లీ రొమ్ము కింద నొక్కింది, ఈసారి తొందరగా తియ్యలేదు. ముక్క ఊడొచ్చింది, రెండు పక్కలా గుంటలు పడి. పారేసి కొత్తది కోద్దామంటే రబ్బరు లేదు. ఎడమ ముక్కని తిరగేస్తే కుడి ముక్క అవుతుంది, అదొక్కటే అదృష్టం. గుంటలన్నీ గరుకు కాగితంతో రుద్ది చదును చెయ్యాలి. ఎడమ అడుగు మళ్లీ మూసి అతకాలి. కుడి అడుగు కొత్తగా కొయ్యాలి.

మొదలుపెట్టే ముందు సుద్ద తీసుకుని, ఫ్లాపీల కట్ట పైదాని మీద నల్లటి ప్లాస్టిక్ మీద పెద్ద అక్షరాలతో రాసుకున్నాడు. బేస్‌లో రాత్రిబడిలో నేర్చుకున్న అక్షరాలు. ఎదురుగా పెట్టుకున్నాడు. బూటు అడుగు మీద గీత పెట్టాడు. అప్పుడు కత్తి ఎత్తాడు.

రుద్దాడు. రుద్దుతూనే ఉన్నాడు. రెండయింది. జేబు పిన్నీసు రొమ్ముకి గుచ్చుకుంటోంది. మూడయింది. ఎవరో చెప్పు తెగిందని వస్తే చెయ్యి ఊపి పంపేశాడు. రుద్దిన పొడి కనుబొమల మీద తెల్లగా పేరుకుంది. ముక్క మందం తగ్గిపోయిందేమో అని ఫ్లాపీలు పక్కన పెట్టి చూశాడు. వెంట్రుక వాసి తక్కువ. పలచటి తోలు ముక్క ఒకటి కింద అతికాడు. సరిపోయింది.

నాలుగున్నరకి రెండు బూట్లూ పక్కపక్కన నిలబడ్డాయి. గులాబీ పట్టీలు వేశాడు. దూరం జరిగి చూద్దామని లేవబోయాడు, కాళ్లు లేవలేదు. కూచునే చూశాడు. రెండూ ఒకటే. ఇక మిగిలింది పది అడుగులు.

అది అతని పద్ధతి. జోడు ఎవరిదైనా సరే, పది అడుగులు నడిచి చూపించందే ఇవ్వడు. నడుస్తుంటే చూడడు, కళ్లు మూసుకుని స్తంభానికి ఆనుకుని వింటాడు. కన్ను మొహమాటపడుతుంది, చెవికి ఆ జబ్బు లేదు. చప్పుడు సమంగా ఉంటే "ఊఁ" అంటాడు. అదే రసీదు.

చేతులు తుడుచుకున్నాడు. చల్లారిన టీ ఒక గుక్క తాగాడు. బూట్లు న్యూస్‌పేపర్ మీద, వచ్చేవాళ్లకి ఎదురుగా తిప్పి పెట్టాడు. స్తంభానికి వీపు ఆన్చి కళ్లు మూసుకున్నాడు. పిల్లలు స్తంభాల మధ్య బంతి తన్నుతున్నారు. బంతి గచ్చు మీద పడుతున్న చప్పుడు వింటూ ఉన్నాడు. ఒకటే మోతాదుగా పడుతోంది. టప్. టప్. టప్. ఎడమ చెయ్యి బరువెక్కి ఒళ్లోకి జారింది. ఇంకాసేపు విన్నాడు. తర్వాత వినడం మానేశాడు.

అమూల్య ఆరు కాకముందే వచ్చింది. మొహం నిండా మెరుపులు, కళ్ల కింద తెల్లటి గీతలు, తలలో క్లిప్పులు ఇంకో పది పెరిగాయి. కాఫీ ఆవిడ చూసి, "అయ్యో, ఘోస్ట్ మంత్ కమ్ ఎర్లీ ఆ?" అంది. చైనావాళ్ల దయ్యాల నెల ముందే వచ్చిందన్నమాట. అమూల్య నాలుక బయటపెట్టి వెక్కిరించింది. బూట్లు చూసింది. నోరు మూసుకుంది.

అంకుల్ కళ్లు మూసుకుని సిద్ధంగా కూచున్నాడు. నల్ల జోడు విప్పి పక్కన పెట్టి, బూట్లు తొడుక్కుని, జిప్పు పైదాకా లాగి, గోడ పట్టుకుని లేచింది. గోడ వదిలేసింది.

నడిచింది. టక్. టక్. టక్. పది అడుగులు. ఆ చప్పుడు ఎప్పుడూ ఆమె కాళ్ల నుంచి రాలేదు. పదో అడుగు దగ్గర ఆగి, వెనక్కి తిరిగి చూసింది.

"ఓకేనా అంకుల్?"

ఊఁ అనలేదు. సరిగ్గా పడలేదేమో అనుకుంది. మళ్లీ పది అడుగులు వేసింది, ఈసారి గట్టిగా, అతని ముందు నుంచి. ఫోనుకున్న గంటలు మోగకుండా గుప్పిట్లో పట్టుకుని మరీ వేసింది.

"అంకుల్?"

కాఫీ ఆవిడ తుండుగుడ్డ వదిలేసి వచ్చింది. వంగి అప్పయ్య మొహం చూసింది, ముక్కు దగ్గర చెయ్యి పెట్టింది, మెడ మీద పెట్టింది. చైనా భాషలో ఏదో మెల్లగా అంది. తర్వాత అతని కనుబొమల మీది రబ్బరు పొడి తుడిచింది.

అంబులెన్స్‌కి ఆవిడ ఫోను చేసింది. ఇంటికి అమూల్య చెయ్యాల్సొచ్చింది. పెట్టె మూత లోపల సుద్దతో నంబరుంది. అవతల రాములమ్మ ఎత్తి "ఎవురు?" అంది. అమూల్యకి ఇంగ్లీషులో మాటలున్నాయి, అవి అక్కడ పనికిరావు.

"ఆంటీ... అంకుల్ లేవట్లేదు ఆంటీ. నేను నడిచాను. రెండుసార్లు నడిచాను. ఆయన ఊఁ అనట్లేదు."



"బూట్ల గుంటవా?" అంది రాములమ్మ.

"అవును ఆంటీ."

"నేనొచ్చీదాకా ఆడే ఉండు. ఒంటిగా ఒగ్గీకు."

ఆమె ఉంది. ఏడయింది. ఫోను మూడుసార్లు మోగింది, ఆర్చర్డ్ రోడ్డు నుంచి స్నేహితురాళ్లు. ఎత్తలేదు. కాఫీ ఆవిడ కుర్చీ వేసినా కూచోలేదు, నిలబడే ఉంది. అంబులెన్స్‌వాళ్లు వచ్చి చూసి, ఇక తొందరేం లేదన్నారు. పోలీసు వచ్చి ఏదో రాసుకున్నాడు. వుడ్‌ల్యాండ్స్ రైలు దిగి రాములమ్మ రోడ్డు దాటి వచ్చింది, చెప్పులు రెండు రకాలవి, ఒకటి తనది, ఒకటి అతనిది. అప్పయ్య పక్కన కూచుని జేబు పిన్నీసు తీసింది. కార్డు విప్పింది. ముద్ర లేదు. మళ్లీ మడిచి అదే జేబులో పెట్టి, పిన్నీసు గుచ్చేసింది.

అప్పుడు తల ఎత్తి ఆ పిల్లని కింది నుంచి పైదాకా చూసింది, బూట్లు, చెమటకి కారిన తెల్ల గీతలు, తల నిండా పండ్లూ పిల్లులూ.

"నడు" అంది. "ఆలకిత్తాను."

అమూల్య నడిచింది. రాములమ్మ కళ్లు మూసుకుంది. పది అడుగులు పూర్తయ్యాక, "ఊఁ" అంది.

వాళ్లంతా వెళ్లాక కాఫీ ఆవిడ సామాను సర్దింది. గొడుగు, దిమ్మ, బంక డబ్బా, పీట. వరస ఆవిడకి తెలీదు, అందుకని పెట్టెలో అన్నీ పట్టలేదు. రబ్బరు బ్యాండు వేసిన ఫ్లాపీల కట్ట ఒకటి స్తంభం మొదట్లో ఉండిపోయింది, ఏడు, పైదాని మీద తెల్ల సుద్దతో వంకర అక్షరాలు: కుడి.